నున్నగున్న తొమ్మిది కాలమ్‌లు

2023. ఖతర్‌ల నాకది పదకొండో ఏడు. దోహా ఇండస్ట్రియల్ ఏరియా దాటినంక, ఎటు చూసినా ఇసుక తప్ప ఇంకోటి కనబడని జాగల మా ప్రీకాస్ట్ ఫ్యాక్టరీ ఉండె. ప్రీకాస్ట్ అంటే బిల్డింగుకు కావలసిన గోడలు, మెట్లు, కాలమ్‌లు అనే పిల్లర్లు ముందే ఫ్యాక్టరీల పోసి, గట్టిపడ్డంక ట్రెయిలర్ మీద తీస్కపోయి, సైటుల క్రేన్‌తోని నిలబెట్టుడు. మా కోరుట్లల ఇది చెప్తే ఎవరు నమ్మరు. "ఇల్లు లారీల వస్తదా?" అని మా మామ ఇప్పటికీ నవ్వుతడు. ఆయన లెక్కల నేనుండేది కూడా దుబాయే. ఖతర్ అని ఇన్నేండ్ల నుంచి చెప్తున్న, ఆయన చెవికి ఎక్కలేదు.

నా పేరు మొయినుద్దీన్. ఇంట్ల దక్నీ ఉర్దూ, గడప దాటితే తెలుగు, డ్యూటీల ఇంగ్లీషు, హిందీ, అరబీ కలిపి కొట్టుడు. నా పని క్యూసీ, అంటే క్వాలిటీ కంట్రోల్. సీదా చెప్పాలంటే పోసిన కాంక్రీటు చెప్పినంత గట్టిగ ఉన్నదా లేదా చూసుడు, ఉంటే సంతకం పెట్టుడు, లేకుంటే అందరితోని తిట్లు తినుడు. నాకు జర మొండితనం ఎక్కువ. ఈ పనికి అది లేకుంటే నడవదు.

ఆ ఏడు దోహాల ముఐథర్ దిక్కు ఒక స్కూల్ బిల్డింగుకు ఇరవై రెండు కాలమ్‌ల ఆర్డర్ వచ్చింది. కింది అంతస్తుయి, మీది బరువంత వాటి మీదనే. డ్రాయింగుల సీ-సెవెంటీ అని రాసున్నది. మన దిక్కు ఇండ్లకు వాడే కాంక్రీటు కంటే రెండింతలకు మించి గట్టిది. దీన్నే హై స్ట్రెంత్ కాంక్రీట్ అంటరు. దీంతోని పోస్తే కాలమ్ సన్నగ వస్తది, బరువు తగ్గుతది, తెల్లారే మౌల్డు అనే ఇనుప అచ్చుల నుంచి లేపొచ్చు. ఫ్యాక్టరీకి ఇంకేం కావాలె.

కాని దీనికొక గుణం ఉన్నది. నీళ్ళు మస్తు తక్కువ పోస్తరు. సిమెంటుతోపాటు మైక్రోసిలికా అని బూడిద అసొంటి సన్నపొడి కలుపుతరు. పారేటట్టు చేసేతందుకు అడ్మిక్చర్ అనే మందు పోస్తరు. మౌల్డుల పోసేటప్పుడు మంచిగనే పారుతది. ఆగినంక మాత్రం మీది భాగం జిగురుపడి తాపీకి అంటుకొని సతాయిస్తది. మామూలు కాంక్రీటుల కొద్దిసేపటికి నీళ్ళు పైకి తేలుతయి, ఆ తడి మీద మేస్త్రి తాపీ ఆడిస్తడు. దీంట్ల చుక్క కూడా తేలదు.

కాలమ్‌ను మేము పండబెట్టి పోస్తం. మూడు దిక్కులు ఇనుప మౌల్డు, పై దిక్కు తెరిచి ఉంటది. మూడు మొఖాలు మౌల్డుకు ఆనుకొని నున్నగ వస్తయి. నాలుగోదాన్ని మనిషి చెయ్యే నున్నగ చెయ్యాలె.

మా దగ్గర రెండు బెడ్‌లు, అంటే మౌల్డులు పెట్టి పోసే అరుగులు, నడిచేటియి. ఒకదాని మీద ఇద్దరు నేపాలీలు, ఇంకోదాని మీద ఓబులేసన్న. ఆయనది రాయచోటి దిక్కు. యాభై దాటినయి, తాపీ పట్టి ముప్పై ఏండ్లు. తక్కువ మాట్లాడుతడు. తాపీ కడిగి తుడిచి గుడ్డల చుట్టి పెట్టుకుంటడు, ఇంకొకరిని ముట్టనియ్యడు.

మొదటి కాలమ్‌లు వచ్చినప్పుడు పై మొఖం గరుకుగున్నదని కన్సల్టెంట్ మాట అన్నడు. కన్సల్టెంట్ అంటే ఓనర్ తరఫున మా పనిని చెక్ చేసేటోళ్ళు. నేను సీదా పోయి ఓబులేసన్న దగ్గర నిలబడి, "అన్నా, అద్దం లెక్క రావాలె. మొఖం చూసుకునేటట్టు ఉండాలె" అన్న.

"మీరు పోండి సారూ, నేను చూసుకుంటా" అన్నడు.

నేను పోయిన. ఆ రెండు మాటలే తర్వాత మా ఇద్దరి మెడకు చుట్టుకున్నయి.

నేను రోజూ పోయేటోన్నే. కాంక్రీటు రాంగనే అది ఎంత పారుతున్నదో కొలుస్త. క్యూబులు పోస్త. క్యూబ్ అంటే జానెడు కూడా లేని చదరం ముక్క, ఇరవై ఎనిమిది రోజులు నీళ్ళల్ల ఉంచి మిషన్ల పెట్టి పగలగొట్టి బలం చూస్తం. తర్వాత ఫారం నింపుత. ఫారంల చివరి గడి "సర్ఫేస్ ఫినిష్". ఆ పని కావాలంటే పోసినంక ఇంకో గంటన్నర పడ్తది. ఎండల గంటన్నర నిలబడేదెవరు? ముందే ఆ గడిల టిక్కు కొట్టి, సంతకం పెట్టి, క్యూబులు పట్టుకొని ఏసీ ల్యాబుకు పోయేటోన్ని. అందరు చేసేది ఇదే కదా అనుకునేటోన్ని.

ఇరవై ఎనిమిది రోజులకు క్యూబులు పగలగొడితే, డెబ్బై రావలసిన చోట అన్నీ ఎనభైకి మించి వచ్చినయి. నేను ఖుష్. కాలమ్‌లు పంపేముందు చూస్తానని కన్సల్టెంట్ ఇంజినీర్ హానీ వచ్చిండు. జోర్డాన్ ఆయన, మెల్లగ మాట్లాడుతడు, మెల్లగ మాట్లాడేటోళ్ళతోనే నాకు భయం. చేతుల రీబౌండ్ హామర్ ఉన్నది. లోపల స్ప్రింగ్ ఉన్న సుత్తి అది, కాంక్రీటుకు ఒత్తితే తన్ని వెనుకకు వస్తది. ఎంత వెనుకకు వస్తే పైతోలు అంత గట్టిది. దీని లెక్క క్యూబు లెక్క కాదు, యాభై వస్తే మంచిగున్నట్టే.

మౌల్డుకు ఆనిన మూడు మొఖాల మీద యాభై, యాభై రెండు అని వస్తున్నది. పై మొఖం మీద పెట్టిండు. ముప్పై మూడు. మళ్ళ పెట్టిండు. ముప్పై నాలుగు. పక్క కాలమ్‌కు నాలుగు దిక్కులా యాభై. దాని పక్కది మళ్ళ ముప్పై రెండు. పొద్దుగాల నుంచి మధ్యాహ్నం జోహర్ నమాజ్ దాక ఇరవై రెండు చూసిండు. తొమ్మిది మెత్తగున్నయి.

"మొయిన్, నీ క్యూబులు ఎనభై. నీ కాలమ్ ముప్పై. ఏది నమ్మాలె?" అన్నడు. మా మాటలు ఇంగ్లీషుల నడిచినయి, నా తెలుగుల రాస్తున్న.

"రెండూ ఒకటే కాంక్రీటు సార్."

"క్యూబులకు ఒక కాంక్రీటు, కాలమ్‌కు ఇంకో కాంక్రీటు పోసేటోళ్ళను నేను చూసిన."

"నేను అసొంటోన్ని కాదు" అన్న.

"అయితే చూపించు. వచ్చే గురువారం దాక టైం. కారణం కావాలె, దానికి రుజువు కావాలె. లేకుంటే ఇరవై రెండూ రిజెక్ట్. ఖలాస్."

క్యూసీవోనికి ఉండేది ఒక్కటే, వాని సంతకం. అది అబద్ధమని ఒకసారి పేరు పడితే ఇంక వాడు ఎన్ని క్యూబులు పగలగొట్టినా ఎవరు నమ్మరు. తప్పు ఎక్కడున్నా సరే, గురువారం లోపల దాన్ని పట్టుకోవాలె అనుకున్న.

మెత్తటి తొమ్మిదిట్ల ఒక కాలమ్‌ను బలి ఇచ్చి కోర్ తీయించిన. గుండ్రటి బ్లేడుతోని కాంక్రీటు లోపలికెల్లి సీసా అంత ముక్క కోసి తీస్తరు, దాన్నే కోర్ అంటరు. దాన్ని మిషన్ల పెడితే లోపల కాంక్రీటు బ్రహ్మాండంగున్నది. పై అంచును మాత్రం మేకుతోని గీకితే తెల్లగ పొడి రాలింది. రెండు రూపాయి బిళ్ళలు ఒకదాని మీద ఒకటి పెట్టినంత మందం, అంతే. కాంక్రీటు మంచిదే, తోలే చెడింది.

లోపల మంచిదే కదా, కానియ్యమని మా ప్లాంట్ మేనేజర్ అన్నడు. కేరళ ఆయన, ఎప్పుడు చూసినా హడావుడే. కానియ్యరాదు. ఈ దేశంల గాలిల ఉప్పు ఉంటది. తోలు మెత్తగుంటే ఉప్పు లోపలికి పోయి ఇనుమును తింటది. అది స్కూలు. పిల్లలు కూసునేది దాని కింద.

తోలు ఎందుకు చెడింది? రెండు రోజులు మైండ్ పాడు చేసుకున్న. గాలికి ఎండిందా అంటే రెండు బెడ్‌ల మీదికి ఒకటే గాలి. తడి గోనెపట్టా కప్పుడుల తేడానా అంటే అదీ ఒకటే. సిమెంటు ఒకటే, ఇసుక ఒకటే. కాయితాలన్నీ తిరగేసిన, దొరకలేదు.

శనివారం పొద్దుగాల యార్డుల కాలమ్‌ల నడుమ తిరుగుతున్న. కాలు నొచ్చి ఒకదాని మీద చెయ్యి ఆనించిన. చెయ్యి సర్రున జారింది. చూస్తే మెత్తటి తొమ్మిదిట్ల ఒకటి. పక్కదాని మీద చెయ్యి పెట్టిన, గరుకు. అది గట్టిది. ఇరవై ఒకటింటి మీద అరచెయ్యి ఆడించుకుంట పోయిన. నున్నగున్నయన్నీ మెత్తటియే. గరుకుగున్నయన్నీ గట్టియే. నున్నగున్నయన్నీ ఒక్క బెడ్ మీదికెల్లి వచ్చినయి, ఓబులేసన్న బెడ్.

నాకు నమ్మబుద్ధి కాలేదు. ఆ యార్డుల అందరికంటే మంచి పనోడు ఆయన.

అదే స్కూలుకు బీములు అదే కాంక్రీటుతోని పోస్తున్నరు అప్పుడు. ఆ రోజు క్యూబులు ఇంకొకరితోని ల్యాబుకు పంపి, నేను ఓబులేసన్న బెడ్ పక్కనే నిలబడ్డ.

"ఏం సారూ, ఈ పొద్దు ల్యాబుకు పోలేదా?"

"ఇక్కడ్నే ఉంట అన్నా. నువ్వు చేసేది చూస్త."

ఆయనకు దాచుకునేది ఏం లేకుండె. దాచుకునేటోడైతే నేను ఎప్పటికీ పట్టకపోతుంటి. ముప్పావు గంట అయినంక తాపీ పెట్టి చూసిండు, జిగురు పట్టింది. పక్కకు పోయి బకెట్ల నీళ్ళు తెచ్చిండు. సున్నం వేసే బ్రష్ ముంచి బీము మీద చిలకరించిండు. డబ్బాల నుంచి పొడి సిమెంటు పిడికెడు తీసి, ముగ్గు వేసినట్టు చల్లిండు. ఇగ తాపీ పట్టి రుద్దితే చూడాలె, ఎంత ముద్దుగ వచ్చిందో. నేను అడిగిన అద్దమే అది.

"అన్నా, ఎప్పుడూ ఇట్లనే చేస్తవా?"

"నున్నగా కావాలంటే యెప్పుడూ ఇట్లనే. నీళ్ళు లేకుంటే తాపీ యెట్ల జారుతాది సారూ? మా నాయన నేర్పినాడు నాకు. మా ఊర్లో నేను చేసిన గచ్చులు ఇప్పటికీ నున్నగా ఉండాయి."

మన దిక్కు ఇండ్లల్ల ఏ మేస్త్రి అయినా గచ్చు ఇట్లనే చేస్తడు. మామూలు కాంక్రీటు మీద అది పెద్దగ కనబడదు. కాని ఇదేమో ఒక్కో చుక్క కొలిచి పోసిన కాంక్రీటు. దాని మీద బ్రష్‌తోని నీళ్ళు చల్లి రుద్దితే, ఆ నీళ్ళు పైతోలుల కలిసి, బలమంత అక్కడ్నే పోతది. నేపాలీలకు ఈ పని రాదు కాబట్టి వాళ్ళు అట్లనే గరుకుగ వదిలిపెట్టిన్రు, వాళ్ళయి గట్టిగ ఉన్నయి. పని వచ్చినోనివే చెడినయి.

ఓబులేసన్నను యార్డుకు తీస్కపోయి కోర్ ముక్క చేతుల పెట్టిన. "గోరుతోని గీకు" అన్న. గీకిండు. గోట్ల పొడి వచ్చింది.

"నేను చెడగొట్టినానా?"

నేను తల ఊపిన.

"మీరే చెప్పినారు గదా సారూ, అద్దం మాదిరి కావాలని."

ఆ మాట సూటిగ తగిలింది. చెప్పింది నేనే. చెప్పి, అద్దం ఎట్ల తెస్తున్నడో చూడకుండ టిక్కు కొట్టి పోయింది కూడా నేనే.

ఆదివారం మీటింగ్. మేనేజర్, హానీ, నేను. కారణం దొరికిందని, కోర్ చూపించి అంతా చెప్పిన. నీళ్ళు చల్లిన్రు అన్న, ఎవరన్నది చెప్పలేదు.

"ఎవడు? పేరు చెప్పు. రేపే ఎగ్జిట్" అన్నడు మేనేజర్. ఎగ్జిట్ అంటే వీసా రద్దు చేసి ఊరికి పంపుడు. ముప్పై ఏండ్ల మేస్త్రి, పని రాదని పేరు పడి ఊర్లె దిగాలె.

నేను ఫైల్ తెరిచి తొమ్మిది ఫారంలు బల్ల మీద పరిచిన. "ఫినిష్ గడిల టిక్కు ఉన్నది చూడండి. సంతకం నాది. టైం చూడండి. కాంక్రీటు పోసిన పది నిమిషాలకు పెట్టిన. ఫినిష్ చేసుడు అప్పటికి మొదలే కాలేదు. మెరవాలని చెప్పింది నేను. ఎట్ల మెరిపియ్యాలో నేర్పలేదు. ఎగ్జిట్ కొట్టాలంటే నాతోని షురూ చెయ్యండి."

హానీ ఆ ఫారంలు ఒక్కొక్కటే చూసిండు. నా దిక్కు చూడకుండనే అడిగిండు: "ఆ మనిషిని పంపిస్తే ఆ పద్ధతి పోతదా? రేపు ఇంకొకడు వస్తడు, బకెట్ తెస్తడు. చుక్క నీళ్ళు లేకుండ దీన్ని నున్నగ చేసి చూపించండి. అప్పుడు మాట్లాడుదాం. గురువారం అంటే గురువారమే."

నాలుగు రోజులు. చిన్న చిన్న ట్రేలు చేయించిన, అదే కాంక్రీటు పోసిన. ఓబులేసన్ననే పిలిచిన. బెడ్ ఆగుతది, వేరేటోళ్ళను పెట్టమని మేనేజర్ అన్నడు, నేను వినలేదు. ఇది చెడింది ఆయన చేతుల, బాగుపడితే ఆయన చేతులనే బాగుపడాలె.

ఆదివారం పగలు చెక్కతోని రుద్దినం, కాంక్రీటు పీక్కొని లేచింది. సోమవారం పైతోలు ఎండకుండ చేసే మందు స్ప్రే చేసి చూసినం, జిగురు అట్లనే ఉన్నది. తాపీ మార్చినం, టైం మార్చినం. గరుకు, గరుకు, గరుకు. ఓబులేసన్న చెయ్యి అలవాటుగ బకెట్ దిక్కు పోతది, మళ్ళ వెనుకకు వస్తది. ఆ బకెట్‌ను కండ్ల ముందట లేకుండ నేనే తీస్కపోయి ల్యాబుల పెట్టిన.

మంగళవారం చాయ్ టైముల వచ్చి నా ముందట నిలబడ్డడు.

"సారూ, కవరు ఉండాదా? దొడ్డుది, పెద్దది."

గోనెల మీద కప్పే ప్లాస్టిక్ షీటు ఉన్నది. ఒక ముక్క కోసి ఇచ్చిన. అప్పుడే పోసిన ట్రే మీద దాన్ని పరిచిండు. అంచులు గుంజి, ముడతలు తీసి, ఆ షీటు మీదికెల్లి తాపీ ఆడించిండు. తాపీకి అంటుకునేతందుకు ఏమీ లేదు. నూనె మీద పోయినట్టు పోయింది. నాలుగుసార్లు ఇటు, నాలుగుసార్లు అటు. కాంక్రీటు కొంచెం బిగిసినంక ఒక మూల పట్టుకొని షీటును మెల్లగ ఒలిచిండు.

కింద అద్దం ఉన్నది. చుక్క నీళ్ళు లేవు, పిడికెడు సిమెంటు లేదు.

"ఎక్కడ నేర్చుకున్నవే అన్నా ఇది?"

"నేర్చుకునేదేముంది. మా ఆడమనిషి పండగకు ఓళిగలు తడతాది. పిండి చేతికి అంటుకుంటే నీళ్ళు పోస్తాదా? పోస్తే ఓళిగ పోయె. కవరు పరిచి దాని మీద తడతాది. నిన్న ఫోన్లో దిగులు పడతా చెప్తిని, అంటుకుంటాంది అంటిని. ఏమంటుకుంటాంది, కవరు యెయ్యి అనె."

నేను నవ్విన. ఆయన కూడా నవ్విండు, శనివారం నుంచి అదే మొదటిసారి. ఓళిగలంటే మా దిక్కు పోలెలు, అవే బొబ్బట్లు. మా ఇంటి పక్కోళ్ళు మాకు ప్రతి పండుగకు పంపేటోళ్ళు, ప్లాస్టిక్ కవర్ మీద తట్టుడు నేను చిన్నప్పటి నుంచి చూసిన. నాకెందుకు తట్టలేదు?

గురువారం హానీ వచ్చిండు. ఒక ట్రే నీళ్ళు చల్లి రుద్దింది, ఒకటి కవర్ మీద రుద్దింది. రెండు రోజుల వయసే కాబట్టి నంబర్లు చిన్నవే వస్తయి, చూడవలసింది తేడా అని ముందే చెప్పిన. నీళ్ళ ట్రేల పై మొఖానికి, అడుగు మొఖానికి పన్నెండు తేడా వచ్చింది. కవర్ ట్రేల ఒకటి. హానీ జేబుల నుంచి తాళంచెవి తీసి గట్టిగ గీకిండు. గీత పడలేదు.

"ఎవరు చేసిన్రు ఇది?"

"ఓబులేసు" అన్న. ఇప్పుడు పేరు చెప్పిన. "ఆ తొమ్మిదీ చేసింది కూడా ఆయననే."

హానీ పక్కనే నిలబడ్డ ఓబులేసన్నను చూసి తల ఊపిండు. "మాఫీ ముష్కిల్" అన్నడు. ఇబ్బంది లేదని. ఎగ్జిట్ మాట మళ్ళ రాలేదు. నాకు వార్నింగ్ లెటర్ వచ్చింది, నా ఫైల్‌ల ఇప్పటికీ ఉన్నది. అది నాకు రావలసిందే.

గట్టిగున్న పదమూడు కాలమ్‌లు, గరుకుగున్నా నడుస్తదని హానీ అన్నంక, సైటుకు పోయినయి. కోర్ తీసినదాన్ని పగలగొట్టి పారేసి, దాని బదులు కొత్తది పోసినం. మిగిలిన ఎనిమిదిటికి పైతోలు మొత్తం గ్రైండ్ చేసి, గట్టిది తేలేదాక తీసి, మళ్ళ పరీక్షించి, రిపేర్ మోర్టార్ అనే గట్టి పూత పూసి పంపాలని తేలింది. గ్రైండింగ్‌కు వేరే గ్యాంగ్ ఉన్నది. ఓబులేసన్న వచ్చి, "నేనే చేస్తా సారూ" అన్నడు.

"నీ పని కాదు కదా అన్నా అది."

"నా పనే గదా గీకేది. వేరేవాళ్ళు గీకితే నేను చూడలేను."

ముక్కుకు మాస్కు, కండ్లకు అద్దాలు పెట్టుకొని నాలుగు రోజులు గీకిండు. తాను ఎంత ముద్దుగ రుద్దిండో, అంత నున్నదనాన్ని తన చేతులతోనే తీసేసిండు. దుమ్ములకెల్లి మనిషి తెల్లగ అయిపోయి బయటికి వచ్చేటోడు. నేను పక్కన నిలబడి చూసేటోన్ని. ఎందుకో వదిలి పోబుద్ధి కాలేదు.

ఆఖరి కాలమ్ అయినంక హామర్ నేను పెట్టలేదు. ఆయన చేతికి ఇచ్చిన, ఎట్ల ఒత్తాలో చూపించిన. రెండు చేతులతోని పట్టుకొని ఒత్తిండు. ఠప్పుమన్నది.

"యెంత సారూ?"

"యాభై ఒకటి."

ఆ గరుకు మొఖం మీద అరచెయ్యి పెట్టి మెల్లగ ఆ చివరి దాక ఆడించిండు. "ఇప్పుడు బాగుండాది" అన్నడు.

ఈ పని నేర్చుకునేటోళ్ళకు నేను చెప్పేది ఒక్కటే. క్యూబ్ అబద్ధం చెప్పదు, కాని అది కాంక్రీటు సంగతే చెప్తది. మీద ఆడిన చెయ్యి సంగతి దానికి తెల్వదు. ఆ చెయ్యి ఏ ఊర్ల, ఎవరి దగ్గర, ఏం నేర్చుకొని వచ్చిందో పక్కన నిలబడితే తప్ప తెల్వదు. పనోనికి ఏం కావాలో చెప్పి ఎట్ల చెయ్యాలో చూడకపోతే, ఆ తప్పుల సగం మనదే.

ఇప్పుడు చివరి గడిల నేను చివరికే టిక్కు కొడత. ఎండల గంటన్నర నిలబడుడు కష్టమే, కాళ్ళు గుంజుతయి. ల్యాబుల దాచిన ఓబులేసన్న బకెట్ ఉన్నది కదా, దాన్ని ఆయన మళ్ళ అడగలేదు. బెడ్ పక్కన బోర్లించి, దాని మీదనే కూసుంట.